గాలి సోకని గోతిలో నిప్పు పుట్టేదెలా?

చిత్తడి నేలలమీద, పాడుపడిన కుంటల గట్లమీద చీకటి రాత్రులలో ఒక్కొక్కప్పుడు మంటలు తళుక్కున మెరిసి మాయమవుతాయని మన పల్లెలలో తరతరాలుగా చెప్పుకుంటారు. వాటికి జనం పెట్టిన పేరు కొరివిదయ్యాలు. ఆ మెరుపులకు కారణమేదైనా కావచ్చు గాని, ఆకులు అలములు కుళ్లిన బురదలోనుంచి మండే వాయువు ఒకటి వెలువడుతుందన్న మాట మాత్రం యథార్థం. అదే వాయువు నేడు మన దేశంలో లక్షలాది ఇళ్లలో అన్నం ఉడికిస్తున్నది. దానిని తయారుచేసేది మనిషీ కాదు, యంత్రమూ కాదు. కంటికి కనిపించనివి, గాలి సోకితే బతకలేనివి అయిన సూక్ష్మజీవులు ఆ పని చేస్తున్నాయి.

ఈ జీవుల సంగతి తెలుసుకోవడం కేవలం కుతూహలం తీర్చుకోవడానికి కాదు. ఎంతో ఖర్చుపెట్టి కట్టించుకున్న గోబర్ గ్యాస్ ప్లాంటు కొన్నాళ్లు పనిచేసి మూలబడితే ఆ ఇంటి ఇల్లాలు మళ్లీ పొయ్యి ముందు పొగలో కూర్చోవలసిందే. అలా మూలబడిన ప్లాంట్లు మన దేశంలో తక్కువేమీ లేవు. డ్రమ్ము తుప్పుపట్టి ఆగినవి కొన్ని, గోడ బీటలు వారి ఆగినవి కొన్ని. కాని, లోపల పనిచేసేవి ప్రాణమున్న జీవులనీ, వాటికీ ఆకలి, అజీర్ణం, చలి ఉంటాయనీ తెలియక ఆగిపోయినవి మరికొన్ని.

బురదలో దొరికిన రహస్యం

1776వ సంవత్సరం నవంబరు మాసంలో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా మగ్గియోరె సరస్సు ఒడ్డున కర్రతో బురదను కలియబెట్టాడు. పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి నిప్పు చూపగా అవి నీలిమంటతో మండాయి. తరువాతి కాలంలో విద్యుత్ ఘటాన్ని కనిపెట్టి లోక ప్రసిద్ధుడైన వోల్టా ఇతడే. ఆ వాయువుకు మీథేన్ అనే పేరు తరువాత వచ్చింది. ఒక కర్బన పరమాణువు చుట్టూ నాలుగు ఉదజని పరమాణువులు చేరితే ఏర్పడేదే మీథేన్.

బురదలో ఈ వాయువు దానంతట అదే పుట్టడం లేదనీ, దానిని పుట్టిస్తున్నవి సూక్ష్మజీవులనీ 1868లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఆంత్వాన్ బేషాం గుర్తించాడు. 1884లో లూయీ పాశ్చర్ శిష్యుడైన ఉలీస్ గాయోన్ పశువుల ఎరువును 35 డిగ్రీల వెచ్చదనంలో మాగబెట్టి మీథేన్‌ను రాబట్టాడు. 1890వ దశకంలో ఇంగ్లండులోని ఎక్సిటర్ పట్టణంలో మురుగునీటి తొట్టెలనుంచి వచ్చిన వాయువుతో వీధిదీపాలు వెలిగించారు. అదే దశకంలో, 1897లో, బొంబాయిలోని మాతుంగాలో కుష్ఠురోగుల ఆశ్రమంలో మానవ వ్యర్థాలనుంచి తీసిన వాయువును దీపాలకు వాడారు. అంటే ఈ విద్యలో మన దేశానికి నూరేళ్లకు పైబడిన అనుభవం ఉన్నదన్నమాట.

నాలుగు అంచెల పని

పేడనీళ్లు గోతిలో పడినది మొదలు వాయువు గొట్టంలోకి వచ్చేవరకు జరిగే పనిని శాస్త్రజ్ఞులు నాలుగు అంచెలుగా వివరిస్తారు. ఏ ఒక్క జీవీ ఈ నాలుగు పనులనూ చేయలేదు. ఒకదాని ఎంగిలి మరొకదానికి ఆహారం.

పేడ అంటే పశువు జీర్ణించుకోలేక విడిచిపెట్టిన పదార్థం. అందులో ముఖ్యమైనది గడ్డి పీచు. దానితోపాటు కొద్దిగా మాంసకృత్తులు, కొవ్వులు ఉంటాయి. వీటి అణువులు చాలా పెద్దవి; సూక్ష్మజీవి శరీరంలోకి దూరలేవు. అందుచేత మొదటి అంచెలో పనిచేసే బాక్టీరియాలు తమ జీర్ణరసాలను బయటికే వదిలి ఆ పెద్ద అణువులను ముక్కలుచేస్తాయి. పీచు చక్కెరలుగాను, మాంసకృత్తులు ఆమైనో ఆమ్లాలుగాను విడిపోతాయి. పేడ విషయంలో ఇది మిక్కిలి నెమ్మదిగా సాగే పని. కొయ్యకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థమైతే ఇక్కడ దాదాపు కరగనే కరగదు. ఎండు పుల్లలు, రంపపు పొట్టు గోతిలో వేయడం వృథా అనడానికి కారణం ఇదే.

రెండవ అంచెలో ఆమ్లజనక బాక్టీరియాలు ఆ చక్కెరలను అందుకొని పులియబెడతాయి. కుడితి తొట్టిలో పులుపెక్కినట్లే ఇక్కడా పులుపెక్కుతుంది. ప్రొపియానిక్, బ్యుటిరిక్, అసిటిక్ వంటి ఆమ్లాలతోపాటు ఉదజని, బొగ్గుపులుసు వాయువు వెలువడతాయి. మూడవ అంచెలో మరొక జాతి బాక్టీరియాలు మొదటి రెండు ఆమ్లాలను కూడా విరగగొట్టి అసిటిక్ ఆమ్లంగాను, ఉదజనిగాను మారుస్తాయి. అసిటిక్ ఆమ్లమంటే మరేమీ కాదు, వినిగర్‌లో పులుపునిచ్చే పదార్థమే.

ఆఖరి అంచె మీథేన్ జనకాలది. ఇవి రెండు దారులలో పనిచేస్తాయి. కొన్ని అసిటిక్ ఆమ్లాన్ని రెండుగా చీల్చి ఒక భాగాన్ని మీథేన్‌గాను, మరొక భాగాన్ని బొగ్గుపులుసు వాయువుగాను విడుస్తాయి. మరికొన్ని ఉదజనిని, బొగ్గుపులుసు వాయువును కలిపి మీథేన్‌ను నిర్మిస్తాయి. సాధారణంగా గోతిలో పుట్టే మీథేన్‌లో దాదాపు 70 శాతం మొదటి దారిన వచ్చినదే. గొట్టంద్వారా మన పొయ్యికి చేరే వాయువులో మీథేన్ సుమారు 55 నుంచి 65 శాతం ఉంటుంది. తక్కినది చాలావరకు బొగ్గుపులుసు వాయువు. కుళ్లిన కోడిగుడ్డు వాసనగల హైడ్రోజన్ సల్ఫైడ్ స్వల్పంగా ఉంటుంది.

ఇంత శ్రమ పడిన జీవులకు దక్కేది ఎంత? ప్రాణవాయువు సమక్షంలో గ్లూకోజు పూర్తిగా మండితే ఒక గ్రామ్-అణువునుంచి సుమారు 2,870 కిలోజౌళ్ల శక్తి వెలువడుతుంది. అదే గ్లూకోజు గోతిలో మీథేన్‌గా మారినప్పుడు ఈ జీవులన్నిటికీ కలిపి దక్కేది దాదాపు 400 కిలోజౌళ్లు మాత్రమే. మిగిలిన 85 శాతం శక్తి మీథేన్‌లోనే భద్రంగా ఉంటుంది. వంటవాడు రుచిచూసేంత మాత్రమే తిని మిగిలినదంతా విస్తట్లో వడ్డించినట్లున్నది వాటి వ్యవహారం. ప్రాణవాయువు లేని చోట బతకవలసి రావడమే వాటి పేదరికానికి కారణం. ఆ పేదరికమే మనకు లాభం.

ఒకటనుకున్నవి రెండు

1940లో అమెరికా శాస్త్రజ్ఞుడు హెచ్.ఎ. బార్కర్ ఒక మీథేన్ జనకాన్ని వేరుచేసి, రష్యన్ పరిశోధకుడు ఒమెలియాన్‌స్కీ పేరిట దానికి నామకరణం చేశాడు. అది ఆల్కహాలును తిని మీథేన్‌ను విడిచేది. ఇరవైయేడు సంవత్సరాలపాటు ప్రపంచమంతటా దానిని ఒకే జీవిగా భావించి పరిశోధనలు చేశారు. 1967లో మార్విన్ బ్రయంట్, అతని సహచరులు దాని గుట్టు బయటపెట్టారు. అది ఒక జీవి కాదు, విడదీయరానంతగా కలిసి బతుకుతున్న రెండు జీవులు!

వాటిలో మొదటిది ఆల్కహాలును తిని ఉదజనిని విడుస్తుంది. అయితే తాను విడిచిన ఉదజని చుట్టూ పేరుకుపోతే దాని పని స్తంభించిపోతుంది. రెండవది ఆల్కహాలును ముట్టనైనా ముట్టదు. ఉదజనిని మాత్రమే తిని మీథేన్‌గా మారుస్తుంది. ఒకటి విడిచినది విడిచినట్లే రెండవది తినివేస్తుంటే ఇద్దరికీ జీవనం సాగుతుంది. విడదీస్తే మొదటిది ఆల్కహాలుమీద నీరసించిపోతుంది, రెండవది పస్తులుంటుంది.

గోతి మొత్తానికి ఈ పొత్తే ఆధారం. ప్రొపియానిక్ ఆమ్లాన్ని విరగగొట్టే బాక్టీరియాలు పనిచేయాలంటే వాటి చుట్టూ ఉదజని పీడనం వాతావరణ పీడనంలో పదివేలవ వంతుకు మించరాదు. అంత శుభ్రంగా ఊడ్చిపెట్టవలసిన బాధ్యత మీథేన్ జనకాలది. ఇటీవల మరొక విశేషం కూడా బయటపడింది. కొన్ని జాతులు ఉదజని ప్రమేయం లేకుండా ఒకదానినుంచి మరొకదానికి నేరుగా ఎలక్ట్రాన్లను, అంటే విద్యుత్తునే, అందించుకుంటాయని 2014లో డెరెక్ లవ్లీ బృందం నిరూపించింది.

బాక్టీరియాలు కానివి

మీథేన్ జనకాలను చాలాకాలం బాక్టీరియాలలోనే జమకట్టారు. 1977లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో కార్ల్ వూస్, జార్జ్ ఫాక్స్ అనే శాస్త్రజ్ఞులు జీవకణాలలోని రైబోజోముల ఆర్.ఎన్.ఏ.ను జాతికి జాతికి పోల్చిచూశారు. మీథేన్ జనకాలు బాక్టీరియాలకు ఎంత దూరమో, మొక్కలకు, జంతువులకు కూడా అంతే దూరమని తేలింది. జీవలోకంలో మూడవ శాఖగా వాటిని నిలబెట్టవలసివచ్చింది. ఆ శాఖకే ఇప్పుడు ఆర్కియా అని పేరు. వాటి కణాల పొరలు, గోడలు బాక్టీరియాల పొరలకు, గోడలకు పూర్తిగా భిన్నమైనవి.

అతినీలలోహిత కాంతిలో సూక్ష్మదర్శినితో చూస్తే ఈ జీవులు నీలి ఆకుపచ్చ వన్నెతో మెరుస్తాయి. వాటిలోని ఒక ప్రత్యేక సహ ఎంజైమే ఆ మెరుపునకు కారణం. చివరి ఘట్టంలో మీథేన్‌ను విడుదలచేసే ఎంజైము నడుమ నికెల్ పరమాణువు ఒకటి ఉంటుంది. గోతిలో పుట్టే ప్రతి మీథేన్ అణువూ ఆ నికెల్ ద్వారం గుండా రావలసిందే. అందుచేతనే పేడలోని అతిస్వల్పమైన నికెల్, కోబాల్టు, ఇనుము కూడా ఈ జీవులకు ప్రాణావసరాలు.

ఇవి మన గోతిలోకి ఎక్కడినుంచి వచ్చాయి? పశువు పొట్టనుంచే. ఆవు, గేదె నెమరువేసే జంతువులు. వాటి మొదటి పొట్టలో గడ్డి పులిసేటప్పుడు కూడా మీథేన్ పుడుతుంది. చాలావరకు త్రేన్పులద్వారా బయటికి పోతుంది. ఆ పొట్టలోని జీవులలో కొన్ని పేడతోపాటు గోతిలోకి చేరతాయి. పాలకు తోడు వేసినట్లు, కొత్త గోతిలో నడుస్తున్న ప్లాంటునుంచి తెచ్చిన స్లర్రీని కొంత కలిపితే వాయువు త్వరగా పుడుతుందని అనుభవజ్ఞులు చెప్పే మాటలోని శాస్త్రం ఇదే.

గొయ్యి ఎందుకు పులిసిపోతుంది?

ఆమ్లాలను తయారుచేసే బాక్టీరియాలు కొద్ది గంటలలోనే రెట్టింపవుతాయి. అసిటిక్ ఆమ్లాన్ని తినే మీథేన్ జనకాలు రెట్టింపు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. గోతి కష్టాలన్నిటికీ మూలం ఈ వేగభేదమే.

పెండ్లి వచ్చిందనో, చుట్టాలు వచ్చారనో గ్యాసు ఎక్కువ కావాలని ఒక్కసారిగా రెట్టింపు పేడ, దానితోపాటు వంటింటి అన్నం, గంజి కుమ్మరించారనుకోండి. ఆమ్లాలు వెంటనే పెరుగుతాయి. వాటిని తినవలసినవి అంత వేగంగా పెరగలేవు. పులుపు హెచ్చినకొద్దీ అవి మరింత మందగిస్తాయి. అవి మందగించినకొద్దీ పులుపు ఇంకా హెచ్చుతుంది. మీథేన్ జనకాలకు ఇష్టమైన స్థితి పులుపూ క్షారమూ కాని మధ్యస్థితి. ఆమ్లత్వాన్ని కొలిచే పి.హెచ్. 6.8 నుంచి 7.2 వరకు ఉంటే వాటికి హాయి; 6.5కు దిగితే అవి చతికిలబడతాయి. అప్పుడు వచ్చే వాయువులో బొగ్గుపులుసు వాయువే అధికం. పొయ్యి వెలిగించబోతే అంటుకోదు, అంటుకున్నా నిలవదు. స్లర్రీ ఘాటైన పులి వాసన వేస్తుంది.

దీనికి మందు పత్యమే. కొన్ని రోజులు గోతికి మేత మానిపించాలి. మంచి ప్లాంటునుంచి స్లర్రీ తెచ్చి కలపాలి. అవసరమైతే కొద్దిగా సున్నం వేయవచ్చు. కోలుకున్న తరువాత కొంచెం కొంచెంగా పేడ పెంచాలి. ఫినైలు, సబ్బునీళ్లు, పురుగుమందు కడిగిన నీళ్లు గోతిలోకి పోనీయరాదు. జబ్బుపడి యాంటీబయాటిక్ మందులు తీసుకుంటున్న పశువు పేడను కూడా కొద్ది రోజులు వేరుగా ఉంచడం మంచిది.

ఇక చలి సంగతి. ఈ జీవులకు 35 డిగ్రీల వెచ్చదనం అనుకూలం. 20 డిగ్రీలకు దిగువన వాయువు బాగా తగ్గిపోతుంది; 10 డిగ్రీల వద్ద దాదాపు నిలిచిపోతుంది. ఈ కారణంచేతనే మన దేశంలో గోతి పరిమాణాన్ని ప్రాంతాన్నిబట్టి నిర్ణయించారు. దక్షిణాదివంటి వెచ్చని ప్రదేశాలలో పేడ 30 రోజులు, మధ్యస్థ ప్రదేశాలలో 40 రోజులు, చలి ప్రదేశాలలో 55 రోజులు లోపల నిలిచేటట్లు గోతులు కడతారు. చలి ఎక్కువైనకొద్దీ వంట నెమ్మది. అందుకు తగినట్లు పాత్ర పెద్దది కావాలి.

డ్రమ్మునుంచి గుమ్మటానికి

1939లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్.వి. దేశాయి పేడనుంచి వాయువు తీసే ప్రయోగాలు ప్రారంభించారు. 1950ల ఆరంభంలో జష్‌భాయి పటేల్ తేలే ఇనుప డ్రమ్ముగల నమూనాను రూపొందించారు. వాయువు నిండినకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది. దాని బరువే వాయువును పొయ్యివరకు నెడుతుంది. 1960లలో ఖాదీ గ్రామోద్యోగ కమిషను దీనిని దేశమంతటా ప్రచారం చేసింది. డ్రమ్ము ఖరీదు, తుప్పు పెద్ద ప్రతిబంధకాలు కావడంతో, 1978లో ఉత్తరప్రదేశ్‌లోని అజిత్‌మల్ కేంద్రంలో ఇటుక గుమ్మటంగల జనతా నమూనా వచ్చింది. 1984లో దానికంటె చవకైన దీనబంధు నమూనా వెలువడింది. 1981–82లో జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకం ఆరంభమైన తరువాత దేశంలో దాదాపు 50 లక్షల గృహ ప్లాంట్లు నిర్మించారు.

లెక్క వేసి చూస్తే ఈ గోతి విలువ తెలుస్తుంది. 25 కిలోల పచ్చిపేడను పిడకలు చేస్తే సుమారు 5 కిలోలు వస్తాయి. వాటి వేడిలో పదోవంతు మాత్రమే మన గిన్నెకు చేరుతుంది. తక్కినది పొగతో, గాలితో పోతుంది. అదే పేడను గోతిలో వేస్తే సుమారు ఒక ఘనపుమీటరు వాయువు వస్తుంది. గ్యాసు పొయ్యి దాని వేడిలో 55 నుంచి 60 శాతం గిన్నెకు అందిస్తుంది. ఉజ్జాయింపున చూసినా వంటకు దక్కే వేడి రెట్టింపునకు పైమాటే. పిడకలు కాలిపోతే నత్రజని గాలిలో కలిసిపోతుంది. గోతినుంచి వచ్చే స్లర్రీలో నత్రజని, భాస్వరం, పొటాష్ నిలిచి ఉంటాయి. ఒకే పేడ అటు పొయ్యికీ ఇటు పొలానికీ పనికివస్తున్నదన్నమాట.

పేడ ఎవరిది?

అయినా ఈ కథలో చిక్కు లేకపోలేదు. నలుగురైదుగురున్న కుటుంబానికి వంట సాగాలంటే రెండు ఘనపుమీటర్ల ప్లాంటు కావాలి; దానికి రోజూ 50 కిలోల పేడ, అంటే నాలుగైదు పశువులు కావాలి. పశువులు లేని కూలివారి ఇంట ఈ పొయ్యి వెలగదు. పైగా, అంతకుముందు దారివెంట ఏరుకొని పిడకలు చేసుకున్న పేడకు విలువ ఏర్పడి, అది పశువుల ఆసామి గోతికి పోతే, పేదరాలి పొయ్యిలోని నిప్పు కూడా పోయినట్లే. సూక్ష్మజీవుల సమస్యలకంటె కఠినమైనది ఈ సమస్య.

దీనికి ఒక సమాధానాన్ని కర్ణాటకలోని పురా గ్రామంలో వెదికారు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఎ.కె.ఎన్. రెడ్డి, ఆయన సహచరులు ఊరందరికీ ఒకే ప్లాంటు నిర్మించారు. మొదట వంటగ్యాసు ఇవ్వబోగా ఊరి పేడ అందరి వంటకూ చాలలేదు. అప్పుడు ఆ వాయువుతో ఇంజను నడిపి 1987నుంచి ఇంటింటికీ మంచినీరు, విద్యుద్దీపాలు అందించారు. పేడ తెచ్చినవారికి బరువును బట్టి డబ్బు చెల్లించారు. పిండి తీసిన స్లర్రీని ఎరువుగా తిరిగి వారికే ఇచ్చారు. ఉన్న పేడ ఏ పనికి చాలునో ఆ పనికే వాడాలన్నది, దాని ఫలం పశువులు లేనివారికి కూడా అందాలన్నది ఆ ప్రయోగం చెప్పిన పాఠం.

నగరంలో పశువుల కొరత ఉండవచ్చు గాని కుళ్లే పదార్థానికి కొరత లేదు. హైదరాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాలనుంచి 500 యూనిట్ల విద్యుత్తు, మార్కెట్ వంటశాలకు కొంత వాయువు లభించే విధంగా ప్లాంటు నెలకొల్పారు. దాని వెనుక ఉన్నది ఆ నగరంలోని భారత రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానం. 2022 ఫిబ్రవరిలో ఇందూరులో ప్రారంభమైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడిచెత్తను స్వీకరించి 17,000 కిలోల వాహన ఇంధనాన్ని ఇవ్వగల సామర్థ్యం గలది. అక్కడ పనిచేసేవి కూడా పల్లెటూరి గోతిలోని జీవుల బంధువులే.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మీథేన్ గాలితో 5 నుంచి 15 శాతం మేరకు కలిస్తే పేలుతుంది. కనుక గోతి దగ్గర నిప్పు చూపి పరీక్షించరాదు. శుభ్రపరచడానికని గోతిలోకి ఎవరూ దిగరాదు. లోపల ప్రాణవాయువు ఉండదు, విషవాయువు ఉండవచ్చు. అలా దిగినవారిని రక్షించబోయి మరొకరు ప్రాణాలు కోల్పోయిన సందర్భాలున్నాయి. అట్లే వాయువును వృథాగా గాలిలోకి వదలడం కూడా తగదు. నూరేళ్ల కాలవ్యవధిలో చూస్తే భూమిని వేడెక్కించడంలో మీథేన్ బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు బలమైనది. మండిస్తే ఇంధనం, కారిపోనిస్తే భూతాపం.

గోతిలోని జీవులు మననుంచి కోరేది స్వల్పం. రోజూ ఒకే వేళకు ఒకే కొలత పేడ, దానికి సమానంగా నీరు, గాలి చొరని గోడ, కొంచెం వెచ్చదనం, విషం లేని తిండి. ఈ పాటి సేవ పశువుల కొట్టంలో ప్రతి గృహిణీ చేస్తూనే ఉన్నది. కొట్టంలోని పశువులను సాకినట్లే గోతిలోని కోటానుకోట్ల జీవులనూ సాకితే, ఆ ఇంట పొయ్యి ఏళ్ల తరబడి పొగ లేకుండా వెలుగుతుంది.